హార్మోన్లు మానేశాక ఎముకల సంగతి

ప్రశ్న: నేను ట్రాన్స్‌జెండర్ మహిళను, వయసు 36. ఏడేళ్ల క్రితం, వృషణాలు తొలగించే, మావాళ్లు నిర్వాణం అని పిలిచే ఆపరేషన్ చేయించుకున్నాను. తర్వాత మందుల షాపులో గర్భనిరోధక మాత్రలు కొని వాడేదాన్ని. వాటివల్ల ఎముకలు గుల్లబారతాయని ఎవరో చెబితే మూడేళ్ల క్రితం మానేశాను. మొన్న కళ్లాపి చల్లిన వాకిట్లో జారి చేయి ఆనించగానే మణికట్టు విరిగింది. క్యాల్షియం మాత్రలు వేసుకుంటే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: మీరు విన్నమాట నిజానికి పూర్తిగా వ్యతిరేకం. మన ఎముకలో పాత భాగాన్ని తవ్వే కణాలు, ఆ గుంటను పూడ్చే కణాలు జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి. తవ్వే కణాలకు పగ్గం వేసేది ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్. పురుషుల్లో సైతం టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్‌లో కొంత ఈస్ట్రోజెన్‌గా మారే ఎముకను కాపాడుతుంది. వృషణాలు తొలగించాక ఈ రెండు హార్మోన్లూ శరీరంలో బాగా తగ్గిపోతాయి కనుక, బయటినుంచి తీసుకునేదీ ఆపేస్తే, మామూలుగా స్త్రీలకు ముట్లుడిగాక వచ్చే ఎముకల నష్టం మీకు 33వ ఏటే మొదలైందన్నమాట. దాన్ని క్యాల్షియం ఒక్కటే ఆపలేదు.

నిలుచున్న ఎత్తునుంచి పడినందుకే ఎముక విరగడం తేలిగ్గా తీసుకోవలసిన విషయం కాదు. నడుముకూ తుంటికీ ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ చేయించుకోండి. బల్లమీద కాసేపు పడుకుంటే చాలు, నొప్పేమీ ఉండదు. మీ వయసువారికి చూడవలసింది జెడ్ స్కోరు, అంటే మీ ఎముక సాంద్రతను అదే వయసువారి సగటుతో పోల్చి చెప్పే అంకె. అది మైనస్ 2 గానీ అంతకన్నా కిందకు గానీ ఉంటే ఎముక సాంద్రత వయసుకు తగినంత లేదని అర్థం. మిమ్మల్ని స్త్రీలతో పోల్చి లెక్కగట్టారో లేదో అడిగి తెలుసుకోండి. విటమిన్ డి పరీక్ష కూడా అవసరమే.

దయచేసి పాత మాత్రలు మళ్లీ మొదలుపెట్టకండి. సాధారణంగా వాటిలో ఉండే ఇథినైల్ ఈస్ట్రడయోల్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్ వల్ల రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం ఎక్కువ, పొగతాగే అలవాటుంటే మరీను. ఎండోక్రైనాలజిస్టులు (హార్మోన్ల వైద్యులు) శరీరంలో సహజంగా ఉండే ఈస్ట్రోజెన్ అయిన ఈస్ట్రడయోల్‌ను మాత్రగానో, చర్మానికి రాసే జెల్‌గానో ఇచ్చి, రక్తపరీక్షలు చూస్తూ మోతాదు సరిచేస్తారు. అండాశయాలు తీయించుకుని టెస్టోస్టిరాన్ మానేసిన ట్రాన్స్ పురుషులకూ ఇదే ముప్పు ఉంది.

ఆహారంలో రోజుకు 1000 మిల్లీగ్రాముల క్యాల్షియం అందాలి. వంద గ్రాముల రాగిపిండిలో సుమారు 350 ఉంటుంది కాబట్టి రాగిజావ, పెరుగు, నువ్వులు మీ ఇంట్లో తప్పక ఉండాలి. మణికట్టు అతుక్కున్నాక నడక, బరువులెత్తే వ్యాయామం మెల్లగా మొదలుపెట్టండి.

ఆస్పత్రికి వెళ్లేముందు ఆపరేషన్ ఎప్పుడైందో, ఏ మాత్ర ఎన్నాళ్లు వాడారో, ఎప్పుడు మానేశారో కాగితం మీద రాసుకోండి. అడగడానికి సంకోచించకండి: ట్రాన్స్‌జెండర్లకు హార్మోన్ చికిత్స సహా వైద్యసేవలు అందించాలని 2019 నాటి చట్టమే ప్రభుత్వాలకు చెబుతోంది.