సమాధానం: మే నెలలో లాప్‌లాండ్ అడవి రోడ్డు మీద కారు ఎందుకు దిగబడింది?

నది చూద్దామని వెళ్తే కారు దిగబడిందని, వాన చుక్క పడకుండానే ఫిన్లాండ్ ఉత్తరాన కంకర రోడ్డు బురద ఎలా అయిందని అడిగారు. తప్పు మీ డ్రైవింగ్‌ది కాదండీ. ఆ నీళ్లు రోడ్డు లోపలివే. చలికాలమంతా అక్కడి నేల లోతుగా గడ్డకడుతుంది. ఎండలు రాగానే పైపొర ముందు కరుగుతుంది, అడుగున ఇంకా గడ్డే. కరిగిన నీరు ఇంకే దారిలేక కంకరని, మట్టిని కలిపి అంబలి చేస్తుంది. పైకి మాత్రం ఆరినట్టే కనిపిస్తుంది, అందుకే అంత ప్రమాదం. ఈ రోజులకి ఫిన్నిష్‌లో 'కెలిరిక్కో' అని పేరే ఉంది.

కాబట్టి మళ్లీ వెళ్లినప్పుడు మ్యాప్ చూపించే అడ్డదారుల జోలికి పోకండి. మీకు కావలసింది నదే కదా! టోర్నియో పట్టణం నుంచి ఉత్తరాన కిల్పిస్‌యార్వి ఊరి వైపు వెళ్లే E8 అనే తారురోడ్డు చాలా దూరం నది పక్కనే సాగుతుంది: ముందు టోర్నియో నది, పైకి వెళ్తే ముయోనియో నది. అవతలి ఒడ్డు స్వీడన్. మే నెలలో మంచు పలకలు విరిగి కొట్టుకుపోతుంటే చూడాలి, అంత అందం! కానీ పలకలు ఎక్కడైనా అడ్డుపడితే నీరు చాలా వేగంగా పెరుగుతుంది, ఒడ్డు అంచున కారు ఆపకండి.

రెయిన్‌డీర్లు రోడ్డెక్కుతాయి, ఒకటి కనిపిస్తే వెనక ఇంకా ఉంటాయనుకోండి. పొరపాటున కారు తగిలితే అత్యవసర నంబరు 112కి చెప్పి తీరాలి.

అడవి దారులే కావాలంటే జూన్ చివరిదాకా ఆగండి. నడిచి తిరగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నెగడు వేయాలంటే మాత్రం భూమి యజమానిని అడగాలి.