షెవీ 3100: కాగితాల్లో 1950, తలుపులు మాత్రం 1952వి

మీరు కొన్న షెవర్లే 3100 పికప్ ట్రక్కు కాగితాల్లో 1950 అనుంది, తలుపులకి పుష్ బటన్ హ్యాండిల్స్ ఉన్నాయి, బ్రేక్ షూలు ఏ ఏడాదివి తెప్పించాలో తెలియట్లేదు అన్నారు కదండీ. టెన్షన్ పడకండి, ఈ ట్రక్కుల్లో ఇది మామూలే.

1947 వేసవిలో మొదలై 1955 తొలి నెలల దాకా నడిచిన ఈ 'అడ్వాన్స్ డిజైన్' క్యాబ్ పెద్దగా మారలేదు. అందుకే ఒకదాని తలుపు ఇంకోదానికి పట్టేస్తుంది. పొలం పనికి తిప్పిన బండికి తుప్పు పట్టిన తలుపు తీసి, పాత సామాన్ల యార్డులో దొరికింది బిగించేవాళ్లు. తలుపులోని చిన్న త్రికోణపు అద్దం 1951లో వచ్చింది, పుష్ బటన్ 1952లో. కాబట్టి తలుపులు చూసి ఏడాది తేల్చకండి. ముందు గ్రిల్ కూడా సాయపడదు, అయిదు అడ్డ పట్టీలది 1953 దాకా ఒకటే.

డ్రైవర్ తలుపు బందులు బిగించిన స్తంభం మీద బండి సీరియల్ నంబరున్న చిన్న రేకు ఉంటుంది. పెయింట్ కప్పేసి ఉంటే మెల్లగా తుడవండి, గీకొద్దు. ఆ నంబర్లో మొదటి అంకె ఫ్యాక్టరీది. తర్వాత హెచ్‌పీ అనుంటే 1950, జేపీ అయితే 1951, కేపీ అయితే 1952.

అయినా షూలు ఆర్డర్ పెట్టేముందు బ్రేక్ డ్రమ్ము ఊడదీసి లోపల ఏ రకం ఉందో చూడాల్సిందే. 1950 దాకా హక్ రకం బ్రేకులు, 1951 నుంచి బెండిక్స్ రకం. ఒకదాని షూలు ఇంకోదానికి పనికిరావు, పైగా ఇరుసు కూడా ఎవరో మార్చేసి ఉండొచ్చు. తలుపు రబ్బర్లు మాత్రం 1952వే తెప్పించండి.