ముందు అవ్వ ఫొటోలు, తర్వాతే స్క్రూడ్రైవరు

పాపా,

మీ నాయన పాత లాప్‌టాప్‌ను షాపుకు ఇయ్యకుండా నువ్వే విప్పి చూస్తానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చానా గర్వంగా ఉంది. కానీ అవ్వ ఫొటోలు, ఆమె పాడిన దంపుళ్ల పాటలు ఆ డిస్కులోనే ఉన్నాయి. ఇంకో తావున కాపీ లేదు. నిద్ర పట్టక ఇది రాస్తున్నా.

మీ అమ్మ చెప్పిన గుర్తులు మూడు: ఆన్ కావడానికి పది నిమిషాలు, ఫొటోల ఫోల్డరు తెరిస్తే బిగుసుకుపోవడం, నడిమధ్య నీలం తెర. నీలం తెర ర్యామ్ వల్ల కూడా వస్తుంది గానీ, ఫోల్డరు దగ్గరే ఆగిపోతోందంటే నా అనుమానం డిస్కు మీదే. డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాము ఉంది, ఇన్‌స్టాల్ అక్కర్లేని దాని పోర్టబుల్ రకాన్ని పెన్‌డ్రైవ్ నుంచి నడుపు. ఆ డిస్కులో కొత్తగా ఏదీ ఎక్కించొద్దు. అది చూపించే పట్టీలో 05 వరసలో ఉండేది, పాడైన సెక్టార్ల (డిస్కులో సమాచారం దాచే చిన్న గదులు) బదులు డిస్కు తన దగ్గరున్న వేరే చోటు వాడుకున్న లెక్క. సి5 అంటే చదవలేక పక్కన పెట్టినవి. నా భయమంతా ఈ సి5 తోనే. అంకెలు మామూలుగా హెక్సాలో, అంటే పదికి బదులు పదహారుతో లెక్కించే పద్ధతిలో ఉంటాయి, చివర 10 కనబడితే 16 అని చదువుకో. సి7 ఒక్కటే పెరుగుతుంటే కనెక్టరు వదులై ఉండొచ్చు, ఊడదీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టు.

డిస్కు టిక్కు టిక్కుమని ఆగకుండా కొట్టుకుంటుంటే మాత్రం వెంటనే ఆపెయ్. డిస్కును ఫ్రిజ్‌లో పెట్టడం, దాని మూత విప్పడం రెండూ చెయ్యకూడదు. లోపల డిస్కును చదివే హెడ్, తిరిగే పళ్లేనికి వెంట్రుక మందంలో వేల వంతు ఎత్తులో తేలుతుంటుంది, మన కడప దుమ్ము ఒక్క రేణువు చాలు. అప్పుడు డేటా రికవరీ వాళ్లే దిక్కు.

ఇప్పుడు చెవి మెలేసి చెప్పాల్సిన మాట. సి5 సున్నా కాకపోతే చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ (chkdsk /r) అనే విండోస్ డిస్కు తనిఖీ కమాండు జోలికి పోవద్దు. యాడ అడిగినా మొదట అదే చేయమంటారు. ఏళ్లుగా ఎంతమంది ఫొటోలు అట్లే పోయాయో. ఆ కమాండు డిస్కును ఈ కొస నుంచి ఆ కొస దాకా చదువుతుంది. చెడ్డ సెక్టారు తగిలిన ప్రతిసారీ డిస్కు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. అసలే అలిసిపోయిన హెడ్, ఎండాకాలం వేడి, గంటల తరబడి ఆ పని. నడుమనే చచ్చిపోవచ్చు. ఒకవేళ బతికినా, దానికి కావలసింది ఏ ఫైలు యాడుందో రాసుకునే ఫైల్ సిస్టమ్ లెక్క సరిపోవడం, నీ ఫొటో కాదు. లెక్కకు అందని పేర్లను కొట్టేస్తుంది, మిగిలిన ముక్కలను ఫౌండ్.000 అనే దాచిన ఫోల్డరులో సిహెచ్‌కె ఫైళ్లుగా పడేస్తుంది. లోపాలు సరిచేశామని తెర మీద వస్తుంది, సంతోషంగా ఫోల్డరు తెరిస్తే అవ్వ ముఖం ఉండదు. నువ్వు అడగకపోయినా విండోస్ తనంతట తానే ఆన్ అయ్యేటప్పుడు తనిఖీ మొదలుపెట్టొచ్చు. కొన్ని సెకన్లు లెక్కపెడుతుంది, ఆ లోపల ఏదో ఒక కీ నొక్కితే ఆగుతుంది. కీబోర్డు మీద చెయ్యి పెట్టుకునే ఉండు తల్లీ.

దాని బదులు సిస్టమ్‌రెస్క్యూ అనే లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, విండోస్ బదులు దాంతోనే లాప్‌టాప్‌ను ఆన్ (బూట్) చెయ్యి. 500 జీబీ డిస్కుకు 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కు తెచ్చుకో, ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉండాలి. ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. పాత డిస్కును మౌంట్ చెయ్యొద్దు, అంటే దాని ఫోల్డర్లు తెరవొద్దు. పాడైన డిస్కు నుంచి మొత్తం నకలు (ఇమేజ్) తీసే కమాండు డీడీరెస్క్యూ. టైపు చేయాల్సింది: డీడీరెస్క్యూ, మైనస్ ఎన్, పాత డిస్కు పేరు, ఇమేజ్ ఫైలు పేరు, మ్యాప్ ఫైలు పేరు. వరస ఇదే. మైనస్ ఎన్ ఉంటే మొండి సెక్టార్ల దగ్గర గీకుతూ కూర్చోకుండా మంచివన్నీ ముందు తీసుకుంటుంది. ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైలు ఉంటే కరెంటు పోయినా ఆగిన చోటు నుంచి మొదలవుతుంది. రెండో విడత మైనస్ ఎన్ తీసేసి మైనస్ ఆర్ 3 పెట్టు, చదవలేని వాటిని మూడుసార్లు మళ్లీ ప్రయత్నిస్తుంది. ఫోర్స్ ఆప్షన్ కావాలని అడిగిందంటే మాత్రం ఎంటర్ కొట్టొద్దు, పేర్లు తారుమారయ్యాయని అర్థం. తెల్లవారుజామున మొదలుపెట్టు, ఫ్యాన్ కింద చాలు. కూలర్ ముందు వద్దు, అది తడి గాలి. ఇమేజ్ చేతికొచ్చాక దానికి ఇంకో కాపీ తీసి, నీ ప్రయోగాలన్నీ ఆ కాపీ మీదే చెయ్యి.

విప్పే పని దీని ముందు పిల్లాట. చార్జరు, బ్యాటరీ తీసేసి పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకో. బ్యాటరీ ఉబ్బి ఉంటే గుచ్చొద్దు, నొక్కొద్దు. వంటింట్లో కడప బండ మీద విప్పొద్దు పాపా, నల్ల రాయి మీద నల్ల స్క్రూ కనబడదు. తెల్ల దుప్పటి పరుచుకో. కాగితం మీద లాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ యాడిదో ఆడే టేపుతో అంటించు. పొడుగు స్క్రూ పొట్టి గుంతలో బిగిస్తే కింది బోర్డును పొడుస్తుంది. పాత డిస్కు బదులు పెట్టే కొత్త ఎస్‌ఎస్‌డి (తిరిగే భాగాలు లేని డిస్కు) రెండున్నర అంగుళాల సాటా కనెక్టరు రకం తీసుకో. మందం 7 మిల్లీమీటర్లే ఉంటుంది, పాతది 9.5 అయితే అంచున సందు పూడ్చే స్పేసరు పెట్టాలి. ఆన్ చేసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంటే లోపలి నాణెం బ్యాటరీ అయిపోయినట్టు, చానా వాటిలో సీఆర్2032 ఉంటుంది. దాంతో పాటు బయాస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల్లో) డిస్కుకు సంబంధించిన సాటా మోడ్ కూడా మారిపోయి, డిస్కు బాగున్నా విండోస్ లేవకపోవచ్చు. అది చూడకుండా ఫార్మాట్ చేసేయొద్దు.

డీడీరెస్క్యూ లైను టైపు చేశాక ఎంటర్ కొట్టకముందు నాకు ఫోన్ చెయ్యి. ఏ పేరు ముందుందో, ఏది వెనకుందో చదివి వినిపించు. తెల్లారి నాలుగయినా పర్వాలేదు, ఎత్తుతా.

మీ పెద్దనాయన
కడప