క్వైర్ నీ చేతికొచ్చిందట కదా

ఒరేయ్ అల్లుడూ,

చెన్నై పెరంబూరులో మీ తెలుగు చర్చి సంఘానికి పాటల బాధ్యత నీకే ఇచ్చారని అక్క ఫోన్లో చెప్పింది. ప్యాడ్ కొనాలా, డ్రమ్స్ కొనాలా అని నన్నడగమన్నావట. అది తర్వాత. సంఘమంటే ఎవరని నువ్వు నమ్ముతున్నావో ముందు అది తేల్చుకో, పాట దాని వెనకే వస్తుంది.

జర్మనీలో చర్చిని సంస్కరించిన మార్టిన్ లూథర్ సంగతే చూడు. విశ్వాసులందరూ యాజకులే, అంటే పూజారులే, అన్నాక పాటను క్వైర్‌కే వదిలేస్తే కుదరదు కదా, అందుకే 1524లో జనం పాడుకోడానికి ఎనిమిది పాటల చిన్న పుస్తకం జర్మన్‌లో వచ్చింది. జెనీవాలో ఇంకో సంస్కర్త కాల్విన్ గుడిలో వాక్యమే పాడాలన్నాడు, 1562కల్లా బైబిల్లోని కీర్తనల గ్రంథంలో ఉన్న 150 కీర్తనలూ పాటలయ్యాయి, అవీ వాద్యాల్లేకుండా, అందరూ ఒకే స్వరంలో. జ్యూరిక్‌లో జ్వింగ్లీ అయితే ఆరాధన హృదయంలో జరగాలని గుడిలో పాటే ఆపించేశాడు. ఆయనేమో నీకంటే ఎక్కువ వాద్యాలు వాయించగలడు!

మనది సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా. 1947 సెప్టెంబరు 27న మీ ఊళ్ళోనే, సెయింట్ జార్జ్ కథీడ్రల్‌లో, ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి ఒక్క సంఘమయ్యారు. పాస్టరు అయ్యగారు ఒక మాటంటే సంఘం జవాబు చెప్పే ఆరాధన మనది. దాని పక్కనే పాతకాలపు తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు, పైన రాగం, తాళం అచ్చేసి, పల్లవి అందరి నోటికీ అందేలా. అంటే ఇక్కడ పాడాల్సింది జనం, నువ్వు ఎత్తిచ్చేవాడివి అంతే.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. కుర్రతనంలో నా గొంతుకి బాగుంటుందని ఒక క్రిస్మస్‌కి పాటలన్నీ పైశృతిలో ఎత్తాను, బయటికొచ్చాక ఒక పెద్దావిడ "బాగా పాడావు నాయనా, మేం విన్నాం" అంది. మెచ్చుకుందనుకుని ఇంటిదాకా మురిసిపోయాను, అన్నం ముందు కూర్చున్నాక గానీ అర్థం కాలేదు.

కొత్త పాటలు వద్దనను, నేనూ వింటాను. కానీ "నేను, నాకు, నాతో" అనే పాటలే వరుసగా నాలుగు పెట్టకు, "మేము" అనేది ఒకటైనా ఉండాలి, ముఖ్యంగా ప్రభు భోజనం రోజున. ఆ రొట్టె పంచేటప్పుడు కీబోర్డు కాసేపు ఆపినా కొంపేం మునగదు.

ఈ శనివారం ప్రాక్టీసుకి వెనక బెంచీ పెద్దమ్మల్ని ఇద్దర్ని పిలువు. వాళ్ళు ఇబ్బంది లేకుండా పాడే శృతి ఏదో రాసుకో. ప్యాడ్ సంగతి నేనొచ్చాక చూద్దాం, డబ్బులెవరిస్తున్నారో కూడా అప్పుడే చెప్పు.

మీ మావయ్య