కలుపు మందు లెక్క నాలుగేళ్ల చదువా?

ప్రశ్న: మాది మొక్కజొన్న పండించే కుటుంబం. నేలలోని సూక్ష్మజీవులు అట్రజిన్ కలుపు మందును ఎలా విచ్ఛిన్నం చేస్తాయో కంప్యూటర్ నమూనాతో లెక్కగట్టే అంశంపై మా అమ్మాయి పిహెచ్.డి. చేస్తోంది. మందు ఎన్నాళ్లలో సగమవుతుందో పుస్తకాల్లో ఉండగా ఇన్నేళ్ల చదువు దేనికని అడిగితే, ‘ఆ అంకెతోనే పేచీ నాన్నా’ అంటోంది. ఏమిటా పేచీ?
– ఒక పాఠకుడు, కరీంనగర్ జిల్లా

జవాబు: మందు సగానికి తగ్గే కాలం, అంటే అర్ధాయువు, 60 రోజులనుకుంటే 120 రోజులకు పావు వంతు మిగలాలి. మందును తినే జీవుల సంఖ్య మొదటి నుంచి చివరి వరకు మారదనుకున్నప్పుడే ఈ లెక్క చెల్లుతుంది. కానీ 1995లో మినసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు వెల్లడించిన సూడోమోనాస్ ఏడీపీ అనే బాక్టీరియా అట్రజిన్‌నే నత్రజని వనరుగా వాడుకొని పెరుగుతుంది. ముందుగా అట్రజిన్ అణువులోని క్లోరిన్‌ను తొలగించి, పక్క గొలుసులను ఊడదీసి, మిగిలిన వలయాన్ని కూడా తెరిచి చివరకు అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తుంది. తిండి ఉన్నచోట తినేవారు పెరుగుతారు కనుక, ఏటా మందు పడిన చేలో అది పుస్తకం చెప్పినదానికన్నా చాలా ముందే మాయం కావచ్చు.

ఈ పెరుగుదలను లెక్కలోకి తేవడానికి ఫ్రెంచి జీవశాస్త్రవేత్త జాక్ మోనో 1940లలో ఇచ్చిన సమీకరణం ఉంది; ఆహారం ఎంత ఉంటే బాక్టీరియా ఎంత వేగంగా పెరుగుతుందో అది చెబుతుంది. అయితే అది గాజుకుప్పెలో పెరిగే బాక్టీరియాను చూసి రాసినది. నేలలో బాక్టీరియా ఆక్రమించేది మట్టి రేణువుల ఉపరితలంలో ఒక శాతం కూడా ఉండదు. మందేమో సేంద్రియ పదార్థానికీ బంకమన్నుకూ అంటుకొని ఉంటుంది. తేమలో కరిగి బాక్టీరియా దాకా చేరిన మందే దానికి ఆహారం. అందువల్ల నల్లరేగడిలోనూ చల్కలోనూ ఒకే జీవి ఒకే వేగంతో పనిచేయదు.

అసలు చిక్కు మరొకటి ఉంది. కొద్ది జీవులు వేగంగా తిన్నా, ఎక్కువ జీవులు నెమ్మదిగా తిన్నా రోజురోజుకూ మందు తగ్గే తీరును కాగితం మీద గీస్తే దాదాపు ఒకే వక్రరేఖ వస్తుంది. పైగా, పరీక్షకు చిక్కని మందంతా విచ్ఛిన్నమైనట్టు కాదు. కొంత మట్టిలోనే గట్టిగా బంధించబడి ఉండవచ్చు. కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్‌తో గుర్తు వేసిన అట్రజిన్‌ను వాడి, వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచి, క్లోరిన్‌ను తొలగించే జన్యువు ప్రతులను లెక్కించి ఈ అవకాశాలను విడదీయాలి. నాలుగేళ్లూ ఎక్కువగా ఇక్కడే కరిగిపోతాయి. వక్రరేఖ ఎంత అందంగా కుదిరినా, దాని వెనుక సమీకరణంలోని స్థిరాంకాలను (జీవులు తినే వేగం వంటి అంకెలను) ఎంతవరకు నమ్మవచ్చో చెప్పని సిద్ధాంత వ్యాసానికి నేనైతే పెద్ద విలువ ఇవ్వను.

మీ అమ్మాయి ఈసారి ఇంటికి వచ్చినప్పుడు, మీ చేలో ఏ ఏడు ఎంత అట్రజిన్ చల్లారో గుర్తున్నంత వరకు రాసి ఇవ్వండి. మొదటి రోజున మట్టిలో ఆ జీవులు ఎన్ని ఉంటాయన్నది చాలావరకు ఆ చరిత్రపైనే ఆధారపడి ఉంటుంది.