పాత జిప్సీ అడుగున గుంయ్‌మనే మోత: డిఫరెన్షియల్ విప్పే ముందు ఏ షాఫ్టు అరుస్తోందో తేల్చుకోండి

2001 నాటి మారుతి జిప్సీ. గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల మధ్య అడుగు నుంచి గుంయ్‌మనే మోత. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే అది పెరుగుతోంది. వెనుక చక్రాల బేరింగులు మార్చినా తగ్గలేదు. వెనుక డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో ఉండి, షాఫ్టు తెచ్చిన శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) మార్చక తప్పదని మెకానిక్ అంటున్నాడు, మార్చమంటారా అని మీరు అడిగారు.

వద్దు, ఇప్పుడే మార్చకండి. ఇవే లక్షణాలతో, ఇదే సలహాతో నేను డిఫరెన్షియల్ మార్పించాను. షెడ్డు నుంచి బయటికి వచ్చి రెండు కిలోమీటర్లు నడిపేసరికి అదే మోత, అదే వేగంలో. తీసేసిన పాత డిఫరెన్షియల్‌ను తర్వాత విప్పి చూస్తే పళ్లన్నీ చక్కగా ఉన్నాయి. మీరు ఆ డబ్బు ఇంకా ఖర్చు పెట్టలేదు కనుక ఈ జవాబు వివరంగా రాస్తున్నాను.

నాది 1999 నాటి బండి, వేలంలో కొన్నది. నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ మీదుగా చింతపల్లి వైపు ఉన్న తోటకు వారానికి రెండుసార్లు వెళ్లి వస్తుంటాను. మోత మొదట ఘాట్ దిగేటప్పుడే వినిపించింది. ఎక్కేటప్పుడు లేదు. దిగేటప్పుడు చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి, గేర్ల మీద, షాఫ్టుల మీద ఒత్తిడి ఎదురు దిశలో పడుతుంది. కాలు తీసినప్పుడు పెరిగే మోత అంటే సరిగ్గా ఇదే. డిఫరెన్షియల్‌లో పినియన్ (షాఫ్టు తిప్పే చిన్న గేరు) బేరింగు వదులైతే కూడా ఇలాగే ఉంటుంది కాబట్టి మెకానిక్ అనుమానం అర్థం లేనిది కాదు. అయితే ఆ లక్షణం ఒక్క డిఫరెన్షియల్‌కే పరిమితం కాదు. ఒత్తిడి దిశ మారినప్పుడు ప్రతి క్రాసూ (షాఫ్టు చివర వంగుతూ తిరిగే జాయింటు), ప్రతి మౌంటింగ్ రబ్బరూ కూడా రెండో వైపుకు ఒరుగుతాయి.

జిప్సీ విషయంలో చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. చాలా ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే గేర్ల పెట్టె) గేరుబాక్సుకే బిగించి ఉంటుంది. జిప్సీలో అది విడిగా, చాసిస్‌కు రబ్బరు మౌంటింగుల మీద వేలాడుతూ ఉంటుంది. గేరుబాక్సు నుంచి దానికి శక్తిని అందించడానికి మధ్యలో ఒక చిన్న షాఫ్టు ఉంటుంది. అంటే ఈ బండిలో షాఫ్టులు మొత్తం మూడు: ముందు ఇరుసుకు ఒకటి, వెనుక ఇరుసుకు ఒకటి, మధ్యలో ఈ చిన్నది. మెకానిక్‌లు పొడవాటి రెండింటినీ ఊపి చూస్తారు. చిన్నదాని మీద చెయ్యి వేసేవాళ్లు తక్కువ.

చెవిని నమ్మి చోటు నిర్ణయించడం ఇక్కడ కుదరదు. మోత చాసిస్ పట్టుకుని ప్రయాణిస్తుంది, వెనుక రేకు బాడీ దాన్ని డప్పులా పెంచి వినిపిస్తుంది. నా బండిలో వెనుక కూర్చున్న వాళ్లందరూ మోత తమ సీటు కింద నుంచే వస్తోందని చెప్పేవారు. అందుకే నేను మొదట బేరింగులు, తర్వాత వెనుక షాఫ్టు క్రాసులు, చివరికి డిఫరెన్షియల్ మార్చుకుంటూ పోయాను.

చోటును పక్కన పెట్టి, ఎన్నిసార్లు తిరుగుతోందో లెక్కపెట్టండి. 205/70 ఆర్15 టైరు చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. గంటకు 10 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు ఒకటింబావు చుట్లు తిరుగుతుంది. వెనుక షాఫ్టు దానికి దాదాపు నాలుగు రెట్లు, అంటే సెకనుకు అయిదు చుట్లు. గోడ పక్కన, కిటికీ అద్దం దింపి, నడక కన్నా కాస్త ఎక్కువ వేగంలో వెళ్లండి. కీచు శబ్దం గానీ టక్కుమనే శబ్దం గానీ సెకనుకు ఒకటి చొప్పున వస్తే చక్రం, బ్రేకు డ్రమ్ము, హబ్ చూడాలి. లెక్కపెట్టలేనంత వేగంగా చిటచిటమంటూ వస్తే షాఫ్టు చూడాలి. గ్రీజు ఎండిన క్రాసు పిచ్చుకలా అరుస్తుంది, దాని టోపీల చుట్టూ ఇటుక రంగు పొడి కనిపిస్తుంది. వాగులు దాటే బండ్లలో నీళ్లు గ్రీజును కడిగేయడం వల్ల ఇది మామూలుగానే జరుగుతుంది.

మీకున్నది ఎక్కువ వేగంలో వచ్చే మోత కనుక అక్కడ చేత్తో లెక్కపెట్టడం సాధ్యం కాదు. నాకు దారి చూపింది వేరే పరీక్ష. నిజానికి అది అనుకోకుండా దొరికింది.

వానాకాలంలో ఒకరోజు తోట దగ్గర ఎర్రమట్టి దారిలో 4ఎల్ (నాలుగు చక్రాలకూ శక్తి అందే లో రేంజి) వేసుకుని వెళ్తున్నాను. బురద అయిపోయి, ఇంకా తడిగానే ఉన్న చదును మట్టిరోడ్డు రాగానే అదే రేంజిలో కాస్త వేగం పెంచి కాలు తీశాను. స్పీడోమీటరు 28 దగ్గర ఉండగా ఆ మోత వచ్చింది. నాకు బాగా తెలిసిన గొంతు అది, అదే శ్రుతి. కానీ 45 దగ్గర రావలసింది 28 దగ్గర ఎందుకు వచ్చింది? ఆ రాత్రి కాగితం మీద వేసి చూశాను. జిప్సీ ట్రాన్స్‌ఫర్ కేసులో లో రేంజి, హై రేంజి కన్నా సుమారు 1.6 రెట్లు ఎక్కువగా వేగాన్ని తగ్గిస్తుంది. 45ను 1.6తో భాగిస్తే 28.

దీని అర్థం ఏమిటో చూడండి. చక్రాలు, ఇరుసులు, డిఫరెన్షియళ్లు, ముందు వెనుక షాఫ్టులు ఏ రేంజిలో ఉన్నా రోడ్డు వేగానికి కట్టుబడే తిరుగుతాయి. 45లో మోగేది వాటిలో ఏదైనా అయితే లో రేంజిలోనూ 45 దగ్గరే మోగాలి. రేంజి మార్చినప్పుడు రోడ్డు వేగంతో లెక్క మారేది ట్రాన్స్‌ఫర్ కేసుకు ముందున్న భాగాలకే: ఇంజను, గేరుబాక్సు, ఆ చిన్న షాఫ్టు, ట్రాన్స్‌ఫర్ కేసు లోపలి తొలి గేర్లు. ఇంజనా కాదా అన్నది ముందే తేలిపోయింది. 3వ గేరులోనైనా 4వ గేరులోనైనా మోత అదే వేగంలో వచ్చేది. ఇంజను కారణమైతే గేరు మార్చగానే మోత వచ్చే వేగం కూడా మారాలి. ఇక మిగిలింది గేరుబాక్సు చివర, చిన్న షాఫ్టు, ట్రాన్స్‌ఫర్ కేసు. రెండు నెలలుగా బండి వెనుక వైపు విప్పిస్తున్న నాకు, అసలు వెతకాల్సిన చోటు నా సీటు పక్కనే ఉందని అప్పుడు తెలిసింది.

మరునాడు ఇంకొక పరీక్షతో నిర్ధారించుకున్నాను. చదును నేల మీద నాలుగు చక్రాలకూ రాళ్లు అడ్డం పెట్టి, ట్రాన్స్‌ఫర్ లీవరు న్యూట్రల్‌లో ఉంచి, ఇంజను స్టార్ట్ చేసి, 4వ గేరు వేసి క్లచ్ వదిలాను. అప్పుడు బండి కదలదు. గేరుబాక్సు, చిన్న షాఫ్టు, ట్రాన్స్‌ఫర్ కేసు గేర్లు మాత్రం తిరుగుతాయి. ఇంజను వేగం పెంచుతూ వెళ్తే ఒక దగ్గర ఆ మోత సన్నగా వినిపించింది. బరువు లేదు కనుక సన్నగా ఉంది, గొంతు మాత్రం అదే. ఒక్క హెచ్చరిక: ట్రాన్స్‌ఫర్ లీవరు న్యూట్రల్‌లో ఉంటే, గేరులో పెట్టినా బండిని గేరు ఆపదు. రాళ్లు లేకుండా, వాలు మీద ఈ పరీక్ష చేయవద్దు. ఇంజను నడుస్తుండగా కిందికి దూరవద్దు. ఒక వెనుక చక్రాన్ని మాత్రమే జాకీ మీద ఎత్తి గేరు వేయడం కొన్ని షెడ్లలో చూస్తుంటాం, దాన్ని ససేమిరా ఒప్పుకోకండి. నేల మీద ఉన్న చక్రం పట్టు దొరకబుచ్చుకుంటే బండి జాకీ మీద నుంచి దూకేస్తుంది.

ఇంజను ఆపి, అంతా చల్లారాక కిందికి వెళ్లి, ట్రాన్స్‌ఫర్ కేసు కింద గడ్డపార ఆనించి మెల్లగా ఎత్తాను. ఒక వైపు అంతా ఇంచుమించు అంగుళం లేచింది. మౌంటింగ్ రబ్బరు చిరిగి ఉంది. ఎప్పటి నుంచో కారుతున్న గేరు ఆయిల్ తాగి అది మెత్తగా, ఉబ్బిన రొట్టెలా తయారైంది. కేసు ఒక వైపు జారడంతో చిన్న షాఫ్టు వంకర కోణంలో తిరుగుతోంది. క్రాసు జాయింటు కోణంలో తిరిగితే, ప్రతి చుట్టుకూ రెండుసార్లు అవతలి వైపు వేగం పెరిగి తగ్గుతుంది. రెండు చివర్లా కోణాలు సమానంగా ఉంటే ఒకటి చేసిన తేడాను రెండోది సరిచేస్తుంది. కేసు పక్కకు జారినప్పుడు ఆ సమతూకం పోతుంది. షాఫ్టు పొట్టిది కనుక కొద్దిపాటి జారుడుకే కోణం చాలా మారుతుంది. 45 వేగంలో ఆ షాఫ్టు సెకనుకు 30 చుట్లకు పైగా తిరుగుతుంది. చుట్టుకు రెండు చొప్పున 60కి పైగా కుదుపులు. చెవికి అవి విడివిడిగా తెలియవు, గుంయ్‌మనే మోతగానే వినిపిస్తాయి.

షాఫ్టు దింపి చూస్తే క్రాసులు కూడా పాడయ్యాయి. చేత్తో ఊపితే వదులు లేదు. కానీ మెల్లగా వంచుతుంటే సరిగ్గా మధ్యలో ఒక చోట గాడిలో పడినట్టు ఆగుతోంది. ఎప్పుడూ ఒకే కొద్దిపాటి కోణంలో తిరగడం వల్ల లోపలి సూది బేరింగులు క్రాసు మీద గీతలు తొలిచాయి. ఇలాంటి క్రాసును బండి కింద పడుకుని, చేత్తో ఊపి పట్టుకోవడం అసాధ్యం, దింపి చూడాల్సిందే. దింపేటప్పుడు గేరుబాక్సు నుంచి నూనె కారవచ్చు, కింద పళ్లెం పెట్టుకోండి. బిగించాక నూనె మట్టం మళ్లీ చూడండి.

మౌంటింగ్ రబ్బర్లన్నీ, రెండు క్రాసులూ మార్పించాను. కారుతున్న ఆయిల్ సీలు కూడా మార్పించాను. అది వదిలేస్తే కొత్త రబ్బర్లకూ పాతవాటి గతే పడుతుంది. మోత పూర్తిగా పోయింది.

నాకు జరిగిన ఇంకొక అనర్థం కూడా చెప్పాలి, ఎందుకంటే మీ బండిలోనూ ఎవరైనా వెనుక షాఫ్టు విప్పి ఉండవచ్చు. వెనుక క్రాసులు మార్చినప్పుడు షాఫ్టులో జారే స్ప్లైన్ (పొడవాటి గాడులున్న) భాగాన్ని ఊడదీసి, గుర్తు చూడకుండా మళ్లీ తొడిగారు. రెండు చివర్ల యోకులు (క్రాసును పట్టుకునే కొమ్ములు) ఒకే వరుసలో ఉండాల్సింది పక్కకు తిరిగాయి. దాంతో 60 దాటాక సీటు వణకడం అనే కొత్త జబ్బు పాతదానికి తోడైంది. కొంతకాలం రెండూ ఒకటే అనుకుని తికమకపడ్డాను. షాఫ్టు విప్పే ముందు స్ప్లైన్ మీదా, రెండు వైపుల ఫ్లాంజీల (బోల్టులు బిగించే పలకల) మీదా తెల్ల పెయింటుతో గీత గీయించండి. మీ ఎదురుగానే గీయించండి.

మీరు చేయాల్సిన క్రమం చెబుతాను. ముందు ఖాళీ రోడ్డు మీద 50లో ఎడమకూ కుడికీ మెల్లగా ఊపండి. ఎడమకు తిప్పినప్పుడు పెరిగితే కుడి చక్రం బేరింగు మీద అనుమానం పెట్టుకోవచ్చు. ముందు చక్రాల హబ్బులు (చక్రాన్ని ఇరుసుకు కలిపే, విడదీసే భాగాలు) చేతితో తిప్పే రకమైతే, 2హెచ్‌లోనే (వెనుక చక్రాలకే శక్తి అందే హై రేంజి) ఒకసారి ఫ్రీలో, ఒకసారి లాకులో పెట్టి అదే రోడ్డు మీద నడపండి. లాకులో మాత్రమే మోత ఉంటే తప్పు ముందు ఇరుసు వైపు ఉంది. తర్వాత మట్టి దారి దొరికినప్పుడు లో రేంజి పరీక్ష. తారు రోడ్డు మీద మాత్రం ఫోర్ వీల్ వేయకండి. ఈ బండికి మధ్య డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు వెనుకవాటి కన్నా ఎక్కువ దూరం తిరగాలి, తారు మీద అవి జారలేవు, షాఫ్టులు మెలిపడి లేని జబ్బులు కూడా వినిపిస్తాయి.

మోత రెండు రేంజిల్లోనూ ఒకే రోడ్డు వేగంలో వస్తే మీ మెకానిక్ మాటకు బలం ఉన్నట్టే. అప్పుడు కూడా ముందు డిఫరెన్షియల్ ఆయిల్ దింపించి చూడండి. ఇనుప ముక్కలు ఉంటే విప్పాల్సిందే. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. ఇరుసుకు ఉండే గాలి గొట్టం మట్టితో మూసుకుపోయిందేమో చూడాలి. వేడెక్కిన ఇరుసు వాగులో దిగి ఒక్కసారి చల్లబడితే, గాలి లోపలికి వచ్చే దారి లేక సీళ్ల సందుల్లోంచి నీళ్లు పీల్చుకుంటుంది. పినియన్ ఫ్లాంజీని పట్టుకుని పైకీ కిందికీ లాగి చూడండి. అక్కడ కొంచెం కదిలినా పినియన్ బేరింగు పోయినట్టే. అప్పుడు కూడా బేరింగులు, సీళ్లు మార్చి సరిగ్గా సెట్ చేయగల మేస్త్రి దొరికితే డిఫరెన్షియల్ మొత్తం మార్చే అవసరం రాకపోవచ్చు.

హై రేంజిలో ఏ వేగం దగ్గర మోత వస్తోంది, లో రేంజిలో ఏ వేగం దగ్గర వస్తోంది, ఈ రెండు అంకెలు ఇక్కడ రాయండి. రెండోది 28, 30 దగ్గర ఉంటే మీ మెకానిక్‌ను ముందు ట్రాన్స్‌ఫర్ కేసు కింద గడ్డపార పెట్టి ఎత్తి చూడమనండి.