అట్లాస్ ష్రగ్డ్‌లో కనపడని బోరుబావి

తిరుపతిలో ఇంజనీరింగ్ చదువుతున్నాననీ, హాస్టల్లో సీనియర్ ఇచ్చిన 'అట్లాస్ ష్రగ్డ్' సగం దాకా వచ్చాననీ రాశారు. ఎవరి బతుకు వాళ్ళే చూసుకుని ప్రభుత్వం పక్కకు తప్పుకుంటే లోకం బాగుపడుతుందని ఆ నవల చెప్తుంటే, అందులో తప్పెక్కడుందో తెలియక టెన్షన్‌గా ఉందన్నారు. మిగతా సగం చదవాలా వద్దా అని కూడా అడిగారు. నేను పుస్తకాల పండితుణ్ణి కాదు. రేణిగుంట దగ్గర చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్ నడుపుతున్నాను. ఈ నవల ఎస్వీ యూనివర్సిటీలో చదివేటప్పుడు ఒకసారి, సొంతంగా పని మొదలుపెట్టాక ఇంకోసారి చదివాను. వ్యాపారం చేసేవాడిగానే ఈ జవాబు రాస్తున్నాను.

రచయిత్రి అయాన్ రాండ్ 1905లో రష్యాలో పుట్టింది. 1917 విప్లవం తర్వాత బోల్షెవిక్కులు, అంటే అక్కడి కమ్యూనిస్టులు, ఆమె తండ్రి మందుల షాపును స్వాధీనం చేసుకున్నారు. 1926లో అమెరికా చేరింది, 1957లో ఈ నవల వచ్చింది. కష్టపడి నిలబెట్టుకున్న షాపును 'ప్రజల పేరు మీద' ఎవరో వచ్చి లాక్కుంటే ఆ ఇంటి పిల్లకు ఎంత కోపం ఉంటుందో నాకు అర్థమవుతుంది. పుస్తకమంతా ఆ కోపమే. తెలివి, పనితనం ఉన్న పారిశ్రామికవేత్తలు, శాస్త్రవేత్తలు ఒక్కొక్కరే సమ్మె చేసినట్టు లోకాన్ని వదిలి కొలరాడో కొండల్లో ఒక లోయలోకి వెళ్ళిపోతారు. వాళ్ళు లేక దేశం కూలిపోతుంది. కథ ఇంతే.

అందులో నిజం లేదని అనను. పక్కన ఇంకో షెడ్డు వేసుకుందామని ఒక ఆఫీసులో నేను పెట్టిన ఫైలు నెలల తరబడి ఒకే టేబుల్ మీద పడి ఉంది. వెళ్ళినప్పుడల్లా ఒక కాగితం తక్కువన్నారు. అది ఇస్తే ఇంకోటి అడిగారు. ఈలోపు రావాల్సిన ఆర్డరు చేజారిపోయింది. ఆ రోజుల్లో ఈ నవల చదువుతుంటే ప్రతి పేజీ నా కోసమే రాసినట్టు అనిపించింది. అందులో ఒక మోటారు ఫ్యాక్టరీ కథ ఉంది. ఆరువేల మంది కార్మికులు ఓటు వేసి, శక్తి ఉన్నంత పని చేద్దాం, అవసరాన్ని బట్టి జీతం తీసుకుందాం అని ఒప్పుకుంటారు. కొన్నాళ్ళకే పనిమంతుడు తన పనితనాన్ని దాచుకుంటాడు, ప్రతివాడూ తన అవసరాన్ని పెద్దది చేసి చూపిస్తాడు, పక్కవాడి ఇంట్లో పిల్ల పుడితే ఏడుస్తారు. నవల మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం అది. మనుషుల్ని చూసి రాసింది.

ఇక తప్పెక్కడుందంటే, నాకు అది మా ఊళ్ళో కనిపించింది. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తాను.

మాది పలమనేరు పక్క పల్లె. ఏడాది పొడుగునా పారే ఏరు మాకు లేదు. వానొస్తే చెరువు, లేకుంటే భూమి లోపలి నీళ్ళు. మా తాత ఎద్దులతో కపిల తోలి బావి నీళ్ళు తోడినవాడు. నాయన కాలానికి బావిలో కరెంటు మోటారు వచ్చింది, తర్వాత బోరు వచ్చింది. మా బోరులో మూడొందల అడుగులకే రెండించుల నీళ్ళు పడ్డాయి. దాని మీదే టమోటా, కొంచెం చెరకు, గట్టు పొడుగునా తోతాపురి మామిడి చెట్లు. పక్క పొలం వరసకు మాకు మామయ్యే అయిన ఒకాయనది. ఆయన తమిళనాడు తిరుచెంగోడు నుంచి బోరు రిగ్గు పిలిపించి వెయ్యి అడుగుల దాకా దించాడు. ఆ ఎండాకాలం మా బోరు ఎండిపోయింది. నాయన అమ్మ మెడలో గొలుసు కుదువ పెట్టి మళ్ళీ పాయింటు చూపించాడు. ఒక చోట రాతిపొడి తప్ప ఏమీ రాలేదు. ఇంకో చోట నాయన కూడా వెయ్యి అడుగులు దాటించాక నీళ్ళొచ్చాయి. ఆ మరుసటి ఏడు మా కింద ఎకరా నేల ఉన్న చిన్న రైతు బోరు ఆగిపోయింది. ఆయనకు కుదువ పెట్టడానికి ఏమీ లేదు. నేల బీడు పెట్టి బెంగళూరుకు కూలికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నవలలోని నీతితో దీన్ని చూడండి. దాని కథానాయకుడు జాన్ గాల్ట్ ఒక ప్రమాణం చేస్తాడు: నేను ఇంకొకడి కోసం బతకను, ఇంకొకణ్ణి నా కోసం బతకమని అడగను. రాండ్ నీతిలో పెద్ద పాపం ఇతరుల మీద ముందుగా బలప్రయోగం చెయ్యడం. మోసం కూడా దాని కిందికే వస్తుంది. ఆ రెండూ చెయ్యనంతవరకు నీ లాభం నువ్వు చూసుకోవడం ధర్మమే. మామ ఏం చేశాడు? తన నేలలో తన డబ్బుతో రిస్కు తీసుకున్నాడు. మా మీద చెయ్యి ఎత్తలేదు, మమ్మల్ని మోసగించలేదు, మా గడప తొక్కి ఏమీ అడగలేదు. ఆ ప్రమాణాన్ని అక్షరం తప్పకుండా పాటించాడు. మా నాయనా పాటించాడు. ఆ లెక్కలో మా ఊళ్ళో దోషి ఒక్కడూ లేడు. అయినా ఊరు ఎండిపోయింది, ఒక కుటుంబం ఊరు విడిచింది.

ఈ మాట నా స్నేహితుడితో అంటే, నీళ్ళ మీద కూడా ఎవరి హక్కు వాళ్ళకు రాసిచ్చేస్తే సరిపోతుంది కదా అన్నాడు. మా పక్క కింద ఉన్నది గట్టి రాయి. నీళ్ళు దాని చీలికల్లో ఉంటాయి. ఏ చీలిక ఎవరి పొలం కింద మొదలై ఎవరి పొలం కిందికి పోతుందో చెప్పి, సర్వే రాయి పాతగలిగేవాడు ఇంకా పుట్టలేదు. అందరూ కలిసి కూర్చుని, ఇంత లోతుకు మించి వద్దు, ఇంత దూరం లోపల వద్దు, ఇన్ని నీళ్ళు తాగే పంట వద్దు అనుకోవాల్సిందే. 2002లో వచ్చిన వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం, చెప్పేది దాదాపు ఇదే. బోరుకు అనుమతి తీసుకోవాలి, తాగునీటి బావులకు దూరం పాటించాలి. అమలు ఎంత బలహీనమో మా పక్క అందరికీ తెలుసు. కానీ ఈ నవలలో ఇలాంటి చట్టం ఒకటి వస్తే, అది తెచ్చినవాడు తప్పకుండా దోపిడీదారే అయి ఉంటాడు. ఆ పుస్తకంలో మనుషుల మధ్య ఉన్నవి రెండే రెండు సంబంధాలు: కొనుక్కోవడం, లాక్కోవడం. ఒకే నీటి మీద కలిసి బతకడం అనే మూడోది ఒకటుందని రాండ్‌కు తోచనే లేదు. నా అసలు విమర్శ ఇదే.

పాత రోజుల చెరువును స్వర్గమని కూడా నేను చెప్పను. పూడిక తట్టలు మోసినవాళ్ళలో ఎక్కువ మంది దళితులు. కట్ట కింద మొదటి మడులు పెద్ద కులాలవి, కాలువ చివర నేల దళితులది. అయితే ఆ అన్యాయాన్ని సరిచెయ్యాలన్నా అందరూ ఒక చోట కూర్చుని తూము వంతులు మార్చుకోవడమే దారి. ఎవరి దారి వాళ్ళు చూసుకుందాం అంటే, వెయ్యి అడుగుల బోరు ఖర్చు భరించగలిగినవాడే మిగులుతాడు.

నవలలోని ఆ లోయ బాగా నడుస్తుంది, నిజమే. ఎందుకు నడుస్తుందో చూడండి. గాలిలోని విద్యుత్తును పట్టుకుని తిరిగే మోటారును గాల్ట్ కనిపెట్టాడు. అంటే బొగ్గు, నీళ్ళు, వైర్లు ఏవీ అక్కర్లేని కరెంటు. నెలనెలా యూనిట్‌కు కరెంటు బిల్లు కట్టే నాకు ఆ పేజీ దగ్గర నమ్మకం పోయింది. కరువన్నదే రాని చోట మనుషుల్ని పెట్టి, చూడండి, ఒకరి అవసరం ఒకరికి లేదు అంటే ఎలా? అక్కడ పిల్లలూ ముసలివాళ్ళూ దాదాపు కనపడరు. ఇద్దరు కొడుకుల్ని పెంచుకుంటున్న ఒక తల్లి మాత్రం కాసేపు కనిపించి వెళ్ళిపోతుంది. మంచాన పడినవాళ్ళు లేరు. లేత్ మీద వేలు తెగినవాడు లేడు.

రైళ్ళ సంగతీ అంతే. కథానాయిక డాగ్నీ టాగర్ట్ కుటుంబానిది రైల్వే కంపెనీ. వాళ్ళ పూర్వీకుడు ప్రభుత్వం నుంచి పైసా తీసుకోకుండా దేశం ఆ చివర నుంచి ఈ చివర దాకా లైను వేశాడని నవల గర్వంగా చెప్తుంది. అసలు అమెరికాలో ఖండాన్ని దాటిన మొదటి రైలు మార్గానికి 1862 చట్టం కింద ప్రభుత్వం బాండ్లూ ఇచ్చింది, లైను పొడుగునా భూమీ ఇచ్చింది. నా యూనిట్ కూడా నేను ఒక్కణ్ణే కట్టలేదు. నేను రాకముందే అక్కడికి రోడ్డు ఉంది, కరెంటు లైను ఉంది. వెల్డింగ్ నేర్చుకుని వచ్చిన పిల్లలు ప్రభుత్వ ఐటీఐలో చదివినవాళ్ళు.

మీరు చదివిన సగంలో సొరంగం ఘట్టం వచ్చిందో లేదో తెలియదు. వస్తే నిదానంగా చదవండి. ఒక రాజకీయ నాయకుడి మొండితనం వల్ల బొగ్గు ఇంజనుతో రైలును పొడవాటి సొరంగంలోకి పంపుతారు. పొగకు ఊపిరాడక ప్రయాణికులంతా చనిపోతారు. దానికి ముందు రాండ్ బోగీ బోగీకీ వెళ్ళి, ఇతను ఫలానా తప్పుడు ఆలోచన ఉన్న ప్రొఫెసరు, ఈమె పిల్లలకు ఫలానా తప్పు నేర్పిన టీచరు అని వరసగా చెప్తుంది. జరగబోయేదానికి వాళ్ళ ఆలోచనల్లోనూ భాగం ఉందన్నట్టు. ఆ వరసలో ఒక తల్లి ఉంది, భర్తది ప్రభుత్వ ఉద్యోగం. ఇద్దరు పిల్లల్ని పై బెర్తులో దుప్పటి కప్పి పడుకోబెడుతుంది. ఆ పిల్లలు ఏ ఆలోచన చేశారు? దీనికి జవాబు పుస్తకంలో నాకు దొరకలేదు. ఆ పేజీ నన్ను బాధపెట్టింది. ఇంత కష్టపడి రాసిన మనిషికి అక్కడ చెయ్యి ఆగలేదే అనిపించింది.

ఇంకొకతని గురించి కూడా చెప్పాలి. ఎడ్డీ విల్లర్స్. డాగ్నీ దగ్గర చిన్నప్పటి నుంచీ ఉన్నవాడు, నిజాయితీపరుడు, రాత్రీ పగలూ కంపెనీ కోసమే పనిచేసేవాడు. ఏమీ కనిపెట్టలేదు, గనులు లేవు. చివరికి ఎడారిలో ఆగిపోయిన రైలు ఇంజను దగ్గర అతను ఒంటరిగా మిగిలిపోతాడు. లోయలోకి అతన్ని ఎవరూ పిలవరు. మా షాపులో ఒక పెద్దాయన ఉన్నారు, నాకంటే ముందు నుంచీ ఈ పనిలో ఉన్నవాడు. మిషన్ శబ్దం విని బేరింగ్ పోబోతోందని చెప్పేస్తారు. ఆయన సెలవు పెట్టిన రోజున నా డిజైన్లన్నీ కాగితం మీదే ఉంటాయి. తెలివైనవాళ్ళు సమ్మె చేస్తే లోకం ఆగిపోతుందని రాండ్ అంటుంది. ఎడ్డీలు సమ్మె చేస్తే ఏమవుతుందో ఆమె రాయలేదు.

మీ సీనియర్ సంపద సృష్టించేవాళ్ళ గురించి మాట్లాడితే మన పక్క ఉదాహరణే చెప్పండి. గల్లా రామచంద్రనాయుడు గారు అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి, తిరిగొచ్చి, 1985లో తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరరాజా కంపెనీ మొదలుపెట్టారు. లోకాన్ని వదిలిపోయినవాడు కాదు, సొంత జిల్లాకు వచ్చినవాడు. రాండ్ సిద్ధాంతానికి ఉదాహరణ కావాలంటే అలన్ గ్రీన్‌స్పాన్ పేరు చెప్పండి. రాండ్ ఇంట్లో కూర్చుని ఆమె మాటలు విన్నవాడు, 1987 నుంచి 2006 దాకా అమెరికా కేంద్ర బ్యాంకుకు అధిపతి. బ్యాంకులు తమ స్వార్థం కోసమైనా జాగ్రత్తగా ఉంటాయని నమ్మాడు. 2008 అక్టోబరులో ఆర్థిక వ్యవస్థ కుప్పకూలాక, ఆ నమ్మకంలో లోపం ఉందని అమెరికా చట్టసభ ముందు ఒప్పుకున్నాడు.

మిగతా సగం చదవాలా అన్నారు కదా, చదవండి. వ్యాపారం చెయ్యాలనే ఆలోచన మీకుంటే తప్పకుండా చదవండి. పని మీద గౌరవం ఆ పుస్తకంలో ఉంది, అది తీసుకోవచ్చు. గాల్ట్ రేడియో ప్రసంగం అరవై పేజీల దాకా ఉంటుంది. అక్కడ విసుగొస్తే మొదటి కొన్ని పేజీలు చూసి ముందుకు వెళ్ళిపోండి, కథ ఏమీ పోదు. ఎడ్డీ చివరి ఘట్టం మాత్రం వదలకండి. అయిపోయాక పుస్తకం తిరిగిచ్చేటప్పుడు మా బోరు సంగతి మీ సీనియర్‌కు చెప్పి, ఇందులో తప్పెవరిదని అడగండి. ఆయన ఏమన్నారో ఇక్కడ రాస్తే నేనూ చదువుతాను.